యోగాసనాలు వేస్తే బరువు తగ్గుతుందా? – సభ్య సంఘాలకు ఒక జమాఖర్చుల పాఠం

ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు, కార్యదర్శులకు మనవి.

ఈ పాఠాలలో సాధారణంగా వెన్న శాతం, దాణా, చూడి పశువుల సంరక్షణ, లెక్కల పుస్తకాలు మొదలైన విషయాలు చెప్పుకుంటూ ఉంటాము. ఈసారి పశువును కాసేపు పక్కన ఉంచి, పశువును మేపే మనిషిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము. తనిఖీకి వెళ్లిన పలు సంఘాలలో ఒకే ప్రశ్న ఎదురవుతున్నది: “యోగా చేస్తే బరువు తగ్గుతుందా అండీ?”

మేము సహకార డిప్లొమా చదివినవారమే గాని వైద్యులము కాము. అయితే నిల్వ ఎందుకు పెరిగింది, ఎందుకు తరిగింది అని లెక్క చూడటం మా ఉద్యోగం. శరీర బరువు కూడా ఒక నిల్వే కాబట్టి, ఆ దృష్టితోనే ఈ విషయాన్ని పరిశీలిద్దాము.

1. ఈ ప్రశ్న ఎట్లా వచ్చింది?

2015 నుండి ప్రతి సంవత్సరం జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగా దినంగా జరుపుతున్నారు. 2025లో దేశంలోని ముఖ్య కార్యక్రమం విశాఖపట్నం సముద్ర తీరంలోనే జరిగింది. దీనివలన యోగా పల్లెపల్లెకు తెలిసింది. ఇది సంతోషించదగినదే. అయితే దీని వెంట కొందరు కరపత్రాలు పట్టుకుని కూడా బయలుదేరినారు.

ఒక సంఘం మినిట్స్ పుస్తకం చూస్తుండగా ఒక తీర్మానం మా కంటబడింది. సభ్యుల శరీర బరువు తగ్గించుటకు నెల రోజుల యోగా శిబిరం పెట్టుటకు, తలకు 1,500 రూపాయల చొప్పున 40 మందికి 60,000 రూపాయలు సంక్షేమ నిధి నుండి చెల్లించుటకు తీర్మానించినట్లు అందులో ఉన్నది. శిబిరం వారి కరపత్రం కూడా పుస్తకంలోనే పెట్టి ఉంచినారు. “30 రోజులలో 10 కిలోలు” అని దానిమీద పెద్ద అక్షరాలు. డబ్బు ఇంకా చెల్లించలేదు. “ఇది ఖర్చు రాయవచ్చునా అండీ?” అని అధ్యక్షులవారు అడిగినారు.

ఆ సంఘంలోనే ఒక పెద్దాయన సభ్యులు ఉన్నారు. అంతకు ముందు సంవత్సరం పక్క ఊరిలో ఇటువంటి శిబిరానికే వెళ్లినారు. బరువు తగ్గితే రక్తపోటు దానంతటదే పోతుందని అక్కడ ఎవరో చెప్పగా, పదో రోజున బి.పి. మాత్రలు మానివేసినారు. కొన్ని వారాల తరువాత ఒక ఉదయం పాలు పోయడానికి వరుసలో నిలబడి ఉండగానే పడిపోయినారు. ప్రాణం దక్కింది. ఎడమ చేయి మాత్రం ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు. ఇప్పుడు రెండు పూటలా పాలు పితకడం ఆయన భార్య వంతు అయింది. కేంద్రానికి క్యాను తెచ్చేది కూడా ఆమే.

కాబట్టి ఈ ప్రశ్నకు మాటవరసకు జవాబు చెప్పడం తగదనిపించింది.

2. బరువు అనే నిల్వ

పశుపోషణలో మనకు తెలిసిన సూత్రం ఒకటి ఉన్నది. శరీరం నిలబడటానికి పోషణ దాణా వేరు, పాల దిగుబడికి ఉత్పత్తి దాణా వేరు. పోషణ దాణా పైన గేదెకు రెండు లీటర్లకు ఒక కిలో, ఆవుకు రెండున్నర లీటర్లకు ఒక కిలో దాణా అని లెక్క చెప్పుకుంటాము. వట్టిపోయిన గేదెకు, అది చూడిది కూడా కానప్పుడు, పాలిచ్చే నాటి దాణా అట్లాగే పెడుతూ పోతే ఏమవుతుంది? కొవ్వు పడుతుంది. ఇది ప్రతి రైతుకూ తెలుసు.

మనిషి సంగతీ ఇంతే. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి 2020 సంవత్సరపు లెక్కల ప్రకారం, 65 కిలోల పురుషుడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 కేలరీలు, ఒక మోస్తరు శ్రమ చేస్తే 2,710, బరువు పని చేస్తే 3,470 కేలరీలు కావాలి. కేలరీ అంటే ఆహారంలోని శక్తిని కొలిచే కొలత అని గ్రహిస్తే చాలు.

పూర్వం మన రైతు గడ్డి మోపు తలకెత్తుకుని నడిచేవాడు. నేడు చాలా ఇండ్లలో గడ్డి మోపు మోటారు బండి మీద వస్తున్నది. గడ్డిని యంత్రం కోస్తున్నది. కార్యదర్శి రెండు పూటలా కాటా ముందు, మిగిలిన సమయం కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడు. పని మారింది, పళ్లెం మారలేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడో వంతుకు పైగా, తెలంగాణ స్త్రీలలో సుమారు 30 శాతం మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నట్లు తేలింది. ఇది పట్టణాల జబ్బు అని మనం ఇక అనుకోరాదు.

తన బరువు ఎక్కువో కాదో తెలుసుకోవడం సులభం. ఎత్తును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే గుణించి, వచ్చిన దానితో బరువును భాగించాలి. 160 సెంటీమీటర్ల మనిషికి 1.6ను 1.6తో గుణిస్తే 2.56. అతని బరువు 64 కిలోలైతే భాగఫలం 25. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 నుండి స్థూలకాయము అని వైద్యులు పరిగణిస్తున్నారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

3. యోగాసనాలకు ఖర్చయ్యేది ఎంత?

70 కిలోల మనిషి ఊరకే కూర్చుంటే గంటకు సుమారు 70 కేలరీలు ఖర్చవుతాయి. వివిధ పనులకు గంటకు అయ్యే ఖర్చు సుమారుగా ఇది:

నెమ్మదిగా వేసే ఆసనాలు – 175 కేలరీలు
ఆగకుండా చేసే సూర్య నమస్కారాలు – 230 కేలరీలు
చురుకైన నడక – 280 కేలరీలు

కూర్చున్నా అయ్యే 70ని తీసివేస్తే, గంటసేపు ఆసనాలకు అదనపు ఖర్చు 105 కేలరీలు మాత్రమే. శరీరంలో పేరుకున్న కొవ్వు ఒక కిలో కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. 7,700ను 105తో భాగించండి. తిండిలో ఏ మార్పూ లేకుండా, రోజూ గంటసేపు ఆసనాలు వేస్తే ఒక కిలో తగ్గడానికి 73 రోజులు పడుతుంది. రోజుకు అరగంట అయితే అయిదు నెలలు.

ఇప్పుడు ఆ కరపత్రాన్ని తనిఖీ చేద్దాము. పది కిలోల కొవ్వు అంటే 77,000 కేలరీలు. దానిని 30తో భాగిస్తే రోజుకు 2,566. కూర్చుని పని చేసే మనిషికి రోజంతటికీ కావలసినదే 2,110 కదా! అంటే నెల రోజులు పచ్చి మంచినీళ్లతో పస్తున్నా ఆ లెక్క పూర్తి కాదు. మొదటి వారంలో కాటా మీద రెండు కిలోలు తగ్గినట్లు కనబడితే అందులో ఎక్కువ భాగం నీరు. పాలలో నీళ్లు కలిపి లీటర్లు చూపించే వానిని మనం ఒప్పుకోము. శరీరంలో నీళ్లు తీసి కిలోలు చూపించే వానిని మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

4. మా సొంత ఖాతా

ఇతరుల పుస్తకాలు తనిఖీ చేసేవారు తమ పుస్తకం కూడా చూపించడం న్యాయం.

మా ఎత్తు 166 సెంటీమీటర్లు. మూడేండ్ల క్రితం, ఒక సంఘంలో దాణా బస్తాలు తూచే కాటా మీద సరదాకు నిలబడితే 78 కిలోలు తూగినాము. రక్తంలో చక్కెర కూడా అంచున ఉన్నదని వైద్యులు చెప్పినారు. ఆ నెల నుండే యోగాభ్యాసం మొదలుపెట్టినాము. తెల్లవారుజామున 40 నిమిషాలు, ఒక రిటైరైన ఉపాధ్యాయుల వద్ద. అయిదు నెలలు ఒక్క రోజు మానలేదు. అయిదు నెలల తరువాత తూచుకుంటే 77 కిలోల 500 గ్రాములు.

ఇంత శ్రద్ధగా చేస్తే అర కిలోయేనా అని మనసు చివుక్కుమన్నది. పై లెక్క ప్రకారం కూడా ఒకటిన్నర కిలోలు తగ్గవలసింది. ఈ తేడా ఎక్కడ? చిట్టా రాయడం మొదలుపెట్టినాము. వారం రోజులు నోట్లోకి వెళ్లినదంతా రాసినాము. మొదట బయటపడినది ఇడ్లీల పద్దు. యోగా చేసి వచ్చినాము కదా అని రోజూ రెండు ఇడ్లీలు అదనంగా తింటున్నాము.

రెండవది తేనీటి పద్దు. తనిఖీకి వెళ్లిన ప్రతి సంఘంలోనూ మర్యాదకు టీ ఇస్తారు. పాల సంఘంలో టీ అంటే నీళ్లు పోసేది ఉండదు. గేదె పాలు చిక్కగా కాచి, రెండు చెంచాల పంచదార వేసి ఇస్తారు. ఏడు శాతం వెన్న ఉన్న గేదె పాలు వంద మిల్లీలీటర్లకు సుమారు 100 కేలరీలు, పది గ్రాముల పంచదారకు 40. ఒక్క గ్లాసు 140. రోజుకు అయిదు సంఘాలు తిరిగితే 700. తెల్లవారుజామున 40 నిమిషాలు వంగి లేచి చేసిన అదనపు ఖర్చు 78 కేలరీలు. అది మొదటి సంఘంలో మొదటి గ్లాసు సగం తాగేసరికే జమ అయిపోతున్నది. మిగిలిన నాలుగున్నర గ్లాసులు నిల్వలోకి పోతున్నవి.

అప్పటి నుండి రోజుకు రెండు టీలు, పంచదార లేకుండా. మిగిలిన చోట్ల పలుచని మజ్జిగ. ఇడ్లీలు పాత లెక్కకే వచ్చినవి. యోగాభ్యాసం మానలేదు. మరి ఏడు నెలలకు 72 కిలోలకు వచ్చినాము. ఇప్పటికీ అటూ ఇటూగా అక్కడే ఉన్నాము. మొదట్లో “మా టీ తాగరా?” అని కొందరు కార్యదర్శులు నొచ్చుకున్నారు. వారి మజ్జిగ తాగినాము గనుక మన్నించినారు.

5. మరి యోగా వలన ఫలితం లేదా?

ఇక్కడ తొందరపడి తప్పు పద్దు రాయకూడదు. మా అనుభవంలో రెండు మార్పులు కనబడినవి. ఒకటి, రాత్రి త్వరగా నిద్ర పట్టసాగింది, పదింటికి ఏదో ఒకటి నమలే అలవాటు పోయింది. రెండవది, తినేటప్పుడు చాలనే మాట కడుపులో నుండి వినబడసాగింది. వారం రోజులు చిట్టా రాసే ఓపిక కూడా ఆ అభ్యాసం వలన వచ్చినదే అని మా నమ్మకం. యోగా నేరుగా కరిగించిన కొవ్వు కొద్ది. నోటికి వేసిన తాళం పెద్దది.

నిజానికి యోగ గ్రంథాలలోనే ఈ సంగతి ఉన్నది. సుమారు 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక మితాహారాన్ని ముఖ్య నియమంగా చెప్పింది. కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచి తినడం మితాహారమని దాని నిర్వచనం. ఆసనాలు నేర్చుకుని మితాహారాన్ని వదిలివేయడమంటే సంఘంలో చేరి పాలు పోయకపోవడం వంటిదే.

పరిశోధనలు కూడా దీనికి దగ్గరగానే ఉన్నవి. 2016లో జర్మనీ పరిశోధకులు 30 పరీక్షలలోని 2,100 మందికి పైగా ఫలితాలను కలిపి చూసినారు. అందరినీ కలిపి చూస్తే బరువులో చెప్పుకోదగిన తేడా లేదు. ముందే అధిక బరువు ఉన్నవారిలో మాత్రం, పైన చెప్పిన భాగఫలం కొంత తగ్గింది. అదే సంవత్సరం అక్కడే పొట్ట పెరిగిన 60 మంది స్త్రీలపై 12 వారాల పరీక్ష జరిగింది. యోగా చేసినవారి నడుము కొలత, చేయనివారితో పోల్చితే సుమారు 4 సెంటీమీటర్లు ఎక్కువ తగ్గింది. కాబట్టి కాటాతో పాటు టేపు కూడా చూడాలి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 50 ఏళ్లు దాటిన 15,500 మంది వివరాలను పరిశీలించి 2005లో ప్రకటించినారు. నాలుగేండ్లు, అంతకు మించి యోగా చేస్తున్నవారికి నడివయసులో బరువు పెరగడం తక్కువగా ఉన్నది. అయితే యోగా చేసేవారు తిండి విషయంలోనూ జాగ్రత్తపరులై ఉండవచ్చు. ఆ మేరకు తగ్గించి చూడాలి.

ఇవి గాక నడుము నొప్పి తగ్గడం, కీళ్లు వంగడం, రక్తపోటు కొంత దిగడం, మనసు కుదుటపడటం మొదలైన మేళ్లు ఉన్నవి. కాటా కదలకపోయినా ఈ మేళ్లు నిలుస్తాయి. బరువు తగ్గలేదని యోగా మానివేయడం, వెన్న శాతం తగ్గిందని గేదెను అమ్మివేయడం, రెండూ ఒకటే తొందరపాటు.

6. పాల సంగతి

పాడి సమాఖ్య పత్రికలో పాలు తగ్గించమని రాస్తారా అని కొందరికి సందేహం కలుగవచ్చు. పాలు మానమని మేము చెప్పడం లేదు. మాంసకృత్తులు, కాల్షియం పాలలో వెన్న తీసినా పోవు. ఆరు శాతం వెన్న ఉన్న పాలు వంద మిల్లీలీటర్లకు సుమారు 88 కేలరీలు, మూడు శాతం టోన్డ్ పాలు 59, ఒకటిన్నర శాతం డబుల్ టోన్డ్ పాలు 47. పెరిగే పిల్లలకు, బక్కచిక్కినవారికి చిక్కని పాలే పోయండి. బరువు ఎక్కువైన పెద్దలు తమ వాటాలో మీగడ తీసుకుంటే చాలు. పెరుగు, మజ్జిగ మానవలసిన పనిలేదు. మానవలసినది ముందుగా పంచదార, ఆ తరువాత నూనెలో వేగినవి.

7. చేయవలసినవి, చేయకూడనివి

(అ) వారంలో అయిదు రోజులు అరగంట చురుకైన నడక, దానితో పాటు రోజూ 20–30 నిమిషాలు ఆసనాలు, ప్రాణాయామం పెట్టుకోవాలి. పాలు పోయడానికి బండి మీద వచ్చేవారు నడిచి వస్తే నడక అక్కడే సగం పూర్తవుతుంది.

(ఆ) నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గితే చాలు. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళకు, పరగడుపున తూచుకోవాలి.

(ఇ) డాక్టరు రాసిన మాత్రలు ఎట్టి పరిస్థితులలోనూ సొంతంగా మానరాదు. బరువు తగ్గితే మోతాదు తగ్గించేది డాక్టరే.

(ఈ) రక్తపోటు, గుండె జబ్బు, గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవారు శీర్షాసనం వంటి తలక్రిందుల ఆసనాలు వేయరాదు. గర్భిణులు, హెర్నియా ఉన్నవారు కపాలభాతి వంటి వేగపు శ్వాసలు చేయరాదు. ముందుగా డాక్టరును అడగాలి.

(ఉ) మన సంఘాలలోని స్త్రీలు గడ్డి కోసి, పేడ ఎత్తి, పాలు పితికి, వంట కూడా చేసి అలసి ఉంటారు. వారికి ఇంకొక పనిగా యోగాను అంటగట్టరాదు. ఇంట్లో ఒక పూట పని మరొకరు అందుకుంటేనే వారికి ఆ అరగంట దొరుకుతుంది. ఈ మాట మగ సభ్యులు శ్రద్ధగా చదవగలరు.

8. ఆ తీర్మానం ఏమయింది?

యోగాకు మాకు అభ్యంతరం లేదని, కరపత్రంలోని వాగ్దానానికి సంఘం సొమ్ము చెల్లించడానికే అభ్యంతరమని పాలకవర్గానికి చెప్పినాము. పై లెక్కను నల్లబల్ల మీద వేసి చూపించినాము. ఒకరిద్దరు సభ్యులు వాదించినారు. అప్పుడు ఆ పెద్దాయన లేచి, కుడిచేత్తో ఎడమ చేతిని పైకెత్తి చూపించి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. వాదన అక్కడితో ఆగింది.

పాత తీర్మానం రద్దయి కొత్తది రాసినారు. సంఘం వసారాలో ఉదయం పాల సేకరణ ముగిసిన తరువాత, ఊరిలోని రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుల చేత వారానికి మూడు రోజులు ఉచితంగా యోగాసనాలు నేర్పించాలి. సంక్షేమ నిధి నుండి తూకపు యంత్రం, టేపు, రక్తపోటు కొలిచే పరికరం కొనాలి. సంవత్సరానికి రెండుసార్లు వైద్యులను పిలిపించి పరీక్షలు చేయించాలి. తీర్మానంలో కిలోల ప్రసక్తి లేదు. మహాజన సభ ఆమోదం కూడా పొందినారు. మొన్న వెళ్లినప్పుడు ఆ పెద్దాయన కూడా కుర్చీలో కూర్చునే చేయి చాపి ముడుస్తున్నారు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే, జేబులోని అట్ట తీసి చూపించినారు.

కావున పాఠం సారాంశమిది. యోగాభ్యాసం ఒక్కటే బరువును తగ్గించేది స్వల్పం. తిండి లెక్కతో, నడకతో కలిసినప్పుడు అది తగ్గిన బరువును నిలబెట్టే మంచి తోడు. ఏ పద్దు ఆ పద్దులోనే రాస్తే యోగాకు అన్యాయం జరగదు, మనకూ మోసం జరగదు.

చర్చకు ప్రశ్నలు (సంఘ సమావేశంలో చదివి చర్చించగలరు)

1. మీ ఎత్తు, బరువులతో భాగఫలం కట్టండి. అది 23కు లోపలా, పైనా?

2. 80 కిలోల కార్యదర్శి రోజూ గంటసేపు ఆసనాలు వేస్తే అదనపు ఖర్చు సుమారు 120 కేలరీలు. అతడు సంఘంలో తాగే టీలెన్ని? వాటి జమ ఎంత?

3. తనిఖీకి వచ్చినవారికి మీ సంఘంలో ఏమి ఇస్తున్నారు? మజ్జిగ ఇవ్వడానికి పాలకవర్గానికి ఏమైనా అభ్యంతరమున్నదా?